కడుపు మంట, నడుము వంకర: అరబీ వైద్య గ్రంథాల నుండి మన బావుల వరకు

మితాహారం గురించి దైవప్రవక్త (స) చెప్పిన ఒక మాట మన ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. హజ్రత్ మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. మనిషికి తన వెన్ను నిలబడేందుకు సరిపడే కొద్ది ముద్దలు చాలునని, అంతకు మించి తినక తప్పదనుకుంటే కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి విడిచిపెట్టాలని దాని సారాంశం. ఇందులో వెన్నుకు వాడిన అరబీ పదం 'సుల్బ్'. ఉర్దూ అనువాదకులు దీనిని 'పీఠ్' అన్నారు, 'కమర్' అన్నారు. తెలుగులో కొందరు 'నడుము' అని, కొందరు 'వెన్నెముక' అని రాశారు. సుల్బ్ అంటే అసలు గట్టిదనం. నేటి అరబీలో ఉక్కుకు కూడా అదే మాట. మనిషిని నిలువునా నిలిపే గట్టి ఎముకల వరుస కాబట్టి వెన్నుకు ఆ పేరు వచ్చింది. నడుము అంటే తెలుగువాడికి శరీరపు మధ్య భాగం తోస్తుంది గాని ఆ గట్టిదనం తోచదు. అందుచేత వెన్ను అనడమే నయమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హదీసులో నేటి వైద్యశాస్త్రాన్ని వెతికి తీసి చూపే అలవాటు కొందరికి ఉంది. అది నాకు రుచించదు. అక్కడి ప్రస్తావన మితం గురించే. అయితే కడుపును, వెన్నును ఒకే వాక్యంలో చేర్చిన ఆ మాటను చదువుతూ పెరిగిన వైద్యులు ఈ రెండు అవయవాల సంబంధాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, ఆ అర్థం మన ప్రాంతంలో ఎంతవరకు పనికివచ్చింది అన్న ప్రశ్న మాత్రం చరిత్ర విద్యార్థి వేయదగినదే. మన ప్రాంతంలో అని ఎందుకు అన్నానో చెప్పవలసి ఉంది.

ఖమ్మం నుండి భద్రాచలం వైపు ప్రయాణించే వారికి నేల మారడం కంటికి తెలుస్తుంది. ఖమ్మం చుట్టుపక్కల నల్లరాతి బోడులు, గ్రానైటు గుట్టలు. ఇల్లెందు, కొత్తగూడెం చేరేసరికి బొగ్గు పొరలున్న ఇసుకరాతి నేల. ఆ పైన అడవి, ఆ పైన గోదావరి. ఈ దారి పొడుగునా నడుము వంచి చేసే పనులే ఎక్కువ. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన తరువాత తరాల తరబడి మనుషులు గనులలో వంగి పనిచేశారు. వేసవిలో తునికాకు కోసేవారు పొద్దు పొడిచింది మొదలు వంగిన నడుము ఎత్తరు. వెదురు మోసేవారు, కావడి వేసేవారు, నాట్లు వేసే స్త్రీలు, మిరప కోసేవారు అందరూ అంతే. కాబట్టి ఇక్కడ నలభై ఏళ్ళకే వెన్ను వంగిన మనిషి కనిపిస్తే ఎవరికీ వింత తోచదు. 'కష్టం చేసిన ఒళ్ళు' అంటారు. కడుపులో మంట, పుల్లని తేన్పులు, ఆకలి లేకపోవడం ఉంటే 'గ్యాసు' అంటారు, 'వేళకు తినక' అంటారు. రెండూ ఒకే మనిషిలో ఉంటే రెండు జబ్బులు అనుకుంటారు. ఎక్కువ మందిలో అవి నిజంగా రెండు జబ్బులే. కొందరిలో మాత్రం కాదు. ఆ కొందరి గురించే ఈ వ్యాసం.

గ్రీకు వైద్యుడు జాలీనూస్ (గాలెన్) క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో, ఒక అవయవంలో నొప్పి పుట్టినప్పుడు జబ్బు అక్కడే ఉందని అనుకోరాదని బోధించాడు. జబ్బు మరొక చోట ఉండి, ఈ అవయవం దానితో పాటు బాధపడుతూ ఉండవచ్చు. హునైన్ బిన్ ఇస్హాఖ్ (మరణం హి. 260, క్రీ. శ. 873), ఆయన శిష్యబృందం బగ్దాదులో జాలీనూస్ గ్రంథాలను అరబీలోకి తెచ్చినప్పుడు ఈ భావనకు 'ముషారకత్' అనే మాట స్థిరపడింది. భాగస్వామ్యం అని అర్థం. యూనానీ హకీములు నేటికీ 'షిర్కత్' అంటారు. వ్యాపారంలో పొత్తుకు, వాటాకు వాడే మాటనే అవయవాల బాధకు వాడడం చక్కని అనువాదం. ఒకరి నష్టంలో మరొకరికి వాటా ఉంటుందన్న సంగతి బగ్దాదు బజారులో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇబ్నె సీనా (హి. 370–428, క్రీ. శ. 980–1037) తన 'అల్ ఖానూన్' మొదటి భాగంలో, అసలు జబ్బును భాగస్వామ్యపు జబ్బు నుండి వేరుచేసే పద్ధతి చెప్పాడు. అందులో ముఖ్యమైన సూత్రం చాలా సాధారణమైనది. ఏది ముందు వచ్చిందో చూడు, ముందు వచ్చినది అసలుదిగాను, తరువాత వచ్చినది దాని వెంట వచ్చినదిగాను అనుమానించు. మొదటిది తగ్గినప్పుడు రెండవది తగ్గుతున్నదా, మొదటిది పెరిగినప్పుడు రెండవది పెరుగుతున్నదా అని కూడా గమనించమన్నాడు. అదే గ్రంథం మూడవ భాగంలో తల నుండి పాదం వరకు ఒక్కొక్క అవయవపు జబ్బులను వరుసగా వివరించాడు. జఠరం దాదాపు నడుమ వస్తుంది. గూని, వెన్నునొప్పి, కీళ్ళ నొప్పులు, తుంటి నుండి కాలిలోకి దిగే నొప్పి ఆ భాగం చివరలో ఒకే చోట ఉన్నాయి. జఠరానికీ గూనికీ మధ్య పుస్తకంలో చాలా పుటల దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించేది ముషారకత్ సిద్ధాంతమే. ఆహారనాళం వెన్నుపూసల మీదుగా దిగి జఠరాన్ని చేరుతుందని ఆ వైద్యులకు బాగా తెలుసు. కాబట్టి జఠరపు బాధ వెన్నులోకి పాకడం వారికి ఆశ్చర్యం కలిగించలేదు.

ఇక్కడ అనువాదకులు తరచు జారిపడే ఒక చోటు ఉంది. జఠరపు పై ద్వారాన్ని అరబీ వైద్యులు 'ఫమె మేదా' అన్నారు, అంటే మేదా నోరు. దానినే 'ఫువాద్' అని కూడా అన్నారు. ఫువాద్ అంటే హృదయం. అందుచేత 'వజ ఉల్ ఫువాద్' అన్న మాటను గుండెనొప్పి అని అనువదిస్తే హకీము కడుపుకు రాసిన మందు గుండె జబ్బువాడికి పోతుంది. నవ్వదగినదే గాని, తెలుగులో మనం మాత్రం ఏమన్నాము? జఠరంలో పులుపు పైకి ఎగదన్నితే 'గుండెల్లో మంట' అంటున్నాం. రెండు భాషలూ ఒకే చోట పొరబడ్డాయంటే, శరీరమే నొప్పిని చోటు మార్చి చూపుతున్నదని గ్రహించాలి.

ముషారకత్ గ్రీకు ఊహ మాత్రమే కాదని తరువాత తేలింది. 1893లో లండన్ వైద్యుడు హెన్రీ హెడ్, లోపలి అవయవపు బాధ ఒంటి మీద ఏ చోట నొప్పిగా తెలుస్తుందో పటాలు గీసి చూపాడు. జఠరం నుండి బయలుదేరే నరాలు ఛాతీ భాగపు వెన్నుపాములో సుమారు ఐదవ ఖండం నుండి తొమ్మిదవ ఖండం వరకు చేరుతాయి. అదే ఖండాలకు వీపు చర్మపు నరాలు కూడా చేరుతాయి. రెండు వార్తలు ఒకే గడప దాటేసరికి మెదడుకు ఏది ఏ ఇంటి వార్తో తెలియదు. జఠరపు వెనుక గోడలో పుండు ఉన్నవాడు వీపు నొక్కుకుంటూ వైద్యుని దగ్గరకు రావడం ఇందుకే. తిరుగు సంబంధం కూడా ఉన్నది. వెన్ను బాగా వంగిపోయిన వృద్ధులలో పొట్ట నొక్కుకుపోయి, జఠరపు పై భాగం ఉదరవితానాన్ని దాటి పైకి జారి, పులుపు ఎగదన్నడం కద్దు.

అయితే ఏది ముందు అన్న సూత్రానికి ఒక లోపం ఉంది. రెండు బాధలు ఒకదాని నుండి మరొకటి పుట్టక, రెండూ మూడవ దాని నుండి పుడితే? ముందు వచ్చినదే మూలం అనుకున్న వైద్యుడు జఠరాన్నే శుద్ధి చేస్తూ కూర్చుంటాడు. మన జిల్లాల చరిత్ర సరిగ్గా ఇటువంటిది.

ఆ చరిత్రకు ముందు ఒక మాట. పూర్వ హకీములు పుస్తకాన్నే నమ్ముకున్నారన్న అపవాదు పూర్తిగా నిజం కాదు. అర్రాజీ (హి. 251–313) తన 'అల్ హావీ'లో పూర్వుల అభిప్రాయాలన్నీ ఎత్తి రాసి, ఆ కింద 'నాది' అనే గుర్తుతో తాను చూసినదాన్ని విడిగా రాసుకునేవాడు. అబ్దుల్లతీఫ్ అల్ బగ్దాదీ హి. 597–598 (క్రీ. శ. 1200–1202) నాటి ఈజిప్టు మహాకరువులో కుప్పలుగా పడివున్న కళేబరాలను పరీక్షించాడు. కింది దవడ రెండు ఎముకలని జాలీనూస్ రాయగా, అది ఒకే ఎముక అని వందలాది పుర్రెలు చూసి తేల్చాడు. వెన్ను అడుగున ఉన్న త్రికాస్థి విషయంలోనూ పుస్తకానికీ ఎముకకూ పొత్తు కుదరలేదని గమనించాడు. జాలీనూస్ పట్ల ఎంత గౌరవమున్నా కంటి సాక్ష్యం అంతకన్న నమ్మదగినదని ఆయన నిర్ణయం. ఈ ధోరణి దక్కనుకు ఎంతవరకు చేరిందో చెప్పడం కష్టం. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. ఆసఫ్ జాహీల కాలంలో, చివరకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, చార్మినారు పక్కన నిజామియా యూనానీ ఆసుపత్రి వెలిసింది. ఈ సంస్థలు నగరానివి. పల్లెల్లో బావి నీరు తాగే రైతు వెన్ను వాటి కంటికి ఆనలేదు.

ఆనినది ముందుగా నిజాం రాజ్యంలో కాదు, మద్రాసు రాష్ట్రంలో. 1930లలో నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల పల్లెల్లో (ఇవి 1970 నుండి ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వచ్చాయి) పశువులు, మనుషులు బిగుసుకుపోవడం వైద్యుల దృష్టికి వచ్చింది. షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు 1937లో తమ పరిశోధన ప్రకటించారు. మనుషులలో ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్‌ను భారతదేశంలో మొదట వివరించినది అదే. ఈ షార్ట్ గారే తరువాత 1948లో గార్న్‌హామ్‌తో కలసి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగే దశను కనుగొన్నారు. ఆ నలుగురూ వర్ణించిన క్రమం ఇది: ముప్పై ఏళ్ళ ప్రాయంలో ఒంట్లో తిమ్మిర్లు, నడుములో నొప్పి, బిగుసు. ఆ బిగుసు మెల్లగా పైకి, మెడ దాకా పాకుతుంది. కొన్నేళ్ళకు వెన్ను మొత్తం ఒకే కర్రలా అయి, మనిషి పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పవలసి వస్తుంది. పక్కటెముకలు కూడా కదలకపోవడంతో ఊపిరి పీల్చినప్పుడు పొట్ట మాత్రమే కదులుతుంది. కారణం తాగే నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ అనే లవణం. గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుండి అది నీటిలోకి దిగుతుంది. శరీరంలో నిలిచిపోయిన ఫ్లోరైడ్ దాదాపు అంతా ఎముకలకు, పళ్ళకు చేరుతుంది. ఎముకలు దట్టమై, వాటిని కట్టి ఉంచే నరాల వంటి బంధనాలు కూడా ఎముకగా మారిపోతాయి.

కృష్ణకు ఇవతల కూడా అదే రాయి, అదే నీరు. కాని ప్రభుత్వం వేరు. ఈ ఎల్లల సంగతి మన పాఠకులకు బాగా తెలుసు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకాను నిజాం 1860లో ఆంగ్లేయులకు ఇచ్చాడు. 1874లో అది మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిసింది. 1959 వరకు తూర్పు గోదావరిలో ఉండి, ఆ తరువాతే ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2016లో ఆ జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెం వేరయింది. అంటే గోదావరికి ఒక ఒడ్డున కాగితాలు ఇంగ్లీషులో, ఒక ఒడ్డున ఉర్దూలో నడిచాయి. రెండు ఒడ్డుల రోగులూ తెలుగులోనో కోయలోనో మూలిగారు. నెల్లూరు సంగతి 1937లో వెల్లడి కాగా, నల్లగొండ సంగతి దావర్ అనే వైద్యుడు 1945లో రాసే వరకు అచ్చులోకి రాలేదు. 1955లో ఎ. హెచ్. సిద్దిఖీ గారు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సమగ్రమైన వ్యాసం ప్రచురించారు. ప్రపంచంలో ఈ జబ్బు గురించి రాసేవారు నేటికీ ఉదహరించే వ్యాసాలలో అది ఒకటి. ఇస్లామీ వైద్య చరిత్ర పేరిట మనం తొమ్మిదవ, పదకొండవ శతాబ్దాల పేర్లు మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటాం. పక్క జిల్లా పల్లెల్లో రోగుల వెన్నులు పరీక్షించిన సిద్దిఖీ గారి పేరు మన సభలలో వినిపించదు.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఇదే నీటి వల్ల యువకులలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. జొన్న తిండి, పోషణ లోపం ఉన్నచోట జబ్బు ఉగ్రరూపం దాలుస్తుందని ఆ సంస్థ పరిశోధనలు సూచించాయి. ఖమ్మం జిల్లాలోనూ కొన్నిచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ పరిమితి మించి ఉన్నట్లు పరీక్షలలో తేలింది. ఇసుకరాతి నేలకంటే గ్రానైటు నేలలో, చేదబావి కంటే లోతు బోరులో ఈ భయం ఎక్కువ. అందుకే ఒకే మండలంలో ఒక ఊరి నీరు మంచిది, పక్క ఊరి నీరు చెడ్డది కావచ్చు.

ఇంతవరకు వెన్ను సంగతి. మరి కడుపు? వెన్ను వంగిన మనిషి ఫోటో పత్రికల్లో పడుతుంది. కడుపు మంటకు ఫోటో ఉండదు. ఫ్లోరోసిస్ రోగులు ఆకలి లేదని, వికారంగా ఉందని, కడుపు ఉబ్బరమని చెబుతూనే వచ్చారు. వైద్యులు దానిని బీదల సాధారణ ఫిర్యాదుగా పక్కన పెట్టారు. 1990ల ఆరంభంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఎ. కె. సుశీల గారు, సహచరులు దీన్ని పట్టించుకున్నారు. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న 10 మంది జఠరాలను గొట్టపు దర్శిని ద్వారా చూసి, లోపొర నుండి చిన్న ముక్కలు తీసి పరీక్షించి, ఆరోగ్యవంతుల ముక్కలతో పోల్చారు. ఆ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. రోగుల జఠరపు లోపొర దీర్ఘకాలపు వాపుతో పలచబడి ఉంది. సూక్ష్మదర్శినిలో కణాల పైనుండే నూలుపోగుల వంటి పొర రాలిపోయి, ఉపరితలం ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి కనిపించింది. పదిమంది అంటే చిన్న సంఖ్యే. దానిమీద పెద్ద మేడ కట్టరాదు. కాని జరిగే పద్ధతి మాత్రం రసాయనశాస్త్రానికి అందేదే. జఠరంలో ఆమ్లం ఉంటుంది. నీటితో వచ్చిన ఫ్లోరైడ్ అక్కడి ఆమ్లంతో కలసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అవుతుంది. గాజును సైతం తినే ఆ ఆమ్లం ఇక్కడ అతి కొద్దిగానే తయారైనా, జఠరపు జిగురు పొరను సులువుగా దాటి లోపలి కణాలను తాకుతుంది. రోజుకు పలుమార్లు, ఏళ్ళ తరబడి.

కాబట్టి ఇక్కడ కడుపు వెన్నును పాడుచేయలేదు, వెన్ను కడుపును పాడుచేయలేదు. రెండింటికీ ఒకే బావి. అయినా ఇబ్నె సీనా వేయమన్న 'ఏది ముందు' అన్న ప్రశ్న వ్యర్థం కాలేదు. అది మరో విధంగా పనికివచ్చింది. పెద్దలలో కడుపు ఫిర్యాదు తొలి హెచ్చరికలలో ఒకటని, వెన్ను బిగియడం ఏళ్ళ తరువాత వస్తుందని సుశీల గారు చెప్పారు. నీరు మార్చితే కడుపు కొద్ది వారాలలోనే తేరుకుంటుంది. ఎముకగా మారిన బంధనం మళ్ళీ నరంగా మారదు. అంటే కడుపు మాట్లాడినప్పుడు విన్నవాడికి వెన్ను దక్కుతుంది. నీరు మార్చగానే కడుపు తగ్గిందంటే మూలం ఎక్కడుందో తేలినట్లే. మొదటిది తగ్గినప్పుడు రెండవది ఏమవుతుందో చూడమన్న పాత పరీక్షకు ఇది దగ్గరి చుట్టం.

ఈ కథలో మరొక పాత్ర ఉంది, నొప్పి బిళ్ళ. నడుము నొప్పికి పల్లెలో మొదట దొరికేది కిరాణా కొట్లోనో ఆర్ఎంపీ దగ్గరో ఇచ్చే బిళ్ళ. ఆస్పిరిన్ జాతి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ద్వారా నొప్పిని తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే జఠరాన్ని దాని ఆమ్లం నుండి కాపాడే జిగురును తయారు చేయించేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. వెన్నుకు వేసుకున్న బిళ్ళ కడుపును కాల్చుతుంది. ఫ్లోరైడ్ నీటితో అప్పటికే పలచబడిన కడుపైతే చెప్పనక్కరలేదు. ఇది మనుషులు కల్పించిన ముషారకత్. ఈ అడవి అంచు పల్లెల్లో వెన్నుకూ కడుపుకూ ఉన్న సంబంధాలలో నీటికన్న బహుశా ఇదే ఎక్కువమందికి తగులుతున్నదని నా ఊహ.

పాఠకులు ప్రతి కడుపు మంటకూ నీటిని నిందించకుండా ఒక సంగతి చెప్పాలి. దీర్ఘకాలపు జఠరపు వాపుకు ప్రపంచంలో అన్నింటికన్న సాధారణ కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ దానిని 1982లో పట్టుకున్నారు. 2005లో నోబెల్ పొందారు. అలాగే ప్రతి వంగిన వెన్నుకూ ఫ్లోరైడ్ కారణం కాదు. వెన్నుకు పట్టే క్షయ, వయసుతో ఎముక గుల్లబారడం, గని పని, బరువుల మోత అన్నీ ఉన్నాయి. ఊరిలో పిల్లల పళ్ళు చూస్తే కొంత తెలుస్తుంది. పళ్ళపై సుద్ద మచ్చలు, గోధుమ రంగు గీతలు ఊరంతా ఉంటే నీటిని అనుమానించాలి.

నీటి విషయంలో ఇబ్నె సీనా చాలా రాశాడు. రెండు నీళ్ళలో ఏది మేలో తెలుసుకోవడానికి, సమాన బరువున్న రెండు నూలు గుడ్డలను వాటిలో తడిపి, బాగా ఆరబెట్టి తూచమన్నాడు. తేలికగా ఉన్న గుడ్డ తడిసిన నీరు మేలైనది. నీటిలో కరిగి కంటికి కనబడని పదార్థం ఉంటుందని, దానికి బరువు ఉంటుందని గ్రహించిన ఆలోచన ఇది. మెచ్చుకోదగినది. కాని లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ను, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దును, ఏ గుడ్డా పట్టివ్వదు. రంగు, రుచి, వాసన ఏవీ లేవు. నీటిని కాచి శుద్ధి చేయమన్న ఆయన సలహా విరేచనాల నుండి ఎందరినో కాపాడి ఉంటుంది. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం అది తలకిందులవుతుంది. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది గనుక కాచిన కొద్దీ అది చిక్కబడుతుంది. మే నెల ఎండలో తునికాకు కోసే మనిషి చలి దేశపు మనిషికన్న ఎన్నోరెట్లు నీరు తాగుతాడు. హద్దు లెక్క అతనికి సరిపోదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నీటిలో సున్నం, పటిక తగుపాళ్ళలో కలిపి, తేర్చి, వడకట్టడం దాని పద్ధతి. చవకైనది గాని, పాళ్ళు రోజూ చూసే మనిషి ఊరిలో ఉండాలి. అది లేకనే చాలాచోట్ల మూలపడింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీటిని గొట్టాల ద్వారా పల్లెలకు తెచ్చింది. నది నీటిలో ఫ్లోరైడ్ తక్కువ. నల్లా నీరు రాని రోజున, లేదా రుచి నచ్చక, మళ్ళీ బోరుకే పోయే ఇళ్ళ సంగతి వేరు. కడుపు ఉబ్బరానికని నల్ల ఉప్పు చూర్ణాలు వాడేవారు, డికాక్షన్ చిక్కగా తాగేవారు కూడా గమనించవలసింది ఒకటి ఉంది. ఆ ఉప్పులోను, తేయాకులోను ఫ్లోరైడ్ హెచ్చుగా ఉండవచ్చు. కడుపుకు మందనుకున్నదే వెన్నుకు చేరవచ్చు.

చింతపండు సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. అరబ్బులు దీనికి 'తమ్రె హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఐరోపా భాషలలోని పేరు అక్కడి నుండి పోయినదే. వేడి చేసిన జఠరాన్ని చల్లబరచడానికి, పైత్యం వెళ్ళగొట్టడానికి హకీములు దీనిని వాడారు. హైదరాబాదు పోషకాహార సంస్థ వారు 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. తీసుకున్నది 18 మంది పిల్లలనే, కాబట్టి చారు తాగితే జబ్బు పోతుందని ఎవరూ అనుకోరాదు. నీరు మార్చడానికి అది బదులు కాదు.

ఇక ఇప్పటికే వెన్ను వంగిపోయినవారు. ఈ ప్రాంతపు మసీదులలో ఫజర్ నమాజుకు వచ్చే పెద్దలలో కొందరు నిలబడినా రుకూలో ఉన్నట్లే ఉంటారు. వారిలో ఏ ఒక్కరి వెన్ను నీటి వల్ల వంగినదో, పనివల్ల వంగినదో చూసి చెప్పలేము. తమ నమాజు నెరవేరుతున్నదా అని వారిలో కొందరికి బెంగ. ఫిఖహ్ పండితులు ఈ మనిషిని శతాబ్దాల క్రితమే తలచుకున్నారు. అరబీలో 'అహ్దబ్' అంటే గూనివాడు. అతని వంపు రుకూ అంత ఉంటే అతడు నిలబడిన ఆ స్థితే అతనికి ఖియామ్ అని హనఫీ గ్రంథాలలో ఉంది. రుకూ కోసం అతడు తలను ఇంకొంచెం వంచి సైగ చేస్తే చాలు.